బండారు పట్టిన చెయ్యి

మొన్న మా ఇంటికి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ అమ్మవారి పూజ చేసే ఇళ్లవాళ్లే, ముప్ఫై ఏళ్లు దాటనివాళ్లు. నేను మానేశాక సబ్‌జైళ్లకు మన తరఫున ఎవరూ వెళ్లడం లేదని, తాము మళ్లీ మొదలుపెడతామని చెప్పారు. ఏం తీసుకెళ్లాలి, ఏం పాడాలి, ఎంతసేపు కూర్చోవాలి అని అడిగారు. రాసుకోవడానికి నోటు పుస్తకం కూడా తెచ్చుకున్నారు.

నేను కాఫీ తాగించి, మళ్లీ రండి అని పంపేశాను. వాళ్లు మెట్లు దిగుతుండగానే పాత భయం మళ్లీ వచ్చింది. పదహారేళ్లు ప్రతి ఆదివారం పొద్దున జైలుకు బయలుదేరే ముందు ఇదే భయం. ఇడ్లీ కూడా దిగేది కాదు. మా ఆవిడ సద్ది కలిపి గ్లాసులో పోసిచ్చేది. మానేసి ఇన్నేళ్లయినా జైలు పేరు వింటే అది పోలేదు.

నోటితో చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను. మీ ముగ్గురి కోసమే ఇది.

నేనెవరు

జీతం తెచ్చిన ఉద్యోగం పోస్ట్‌మన్‌ పని. ధర్మవరంలో మొదలై, పెనుకొండ, హిందూపురం తిరిగి, మళ్లీ ధర్మవరంలోనే రిటైరయ్యాను. పుట్టుకతో వచ్చిన పని సుంకులమ్మ పూజ. మాది కుమ్మరి ఇల్లు. మా అమ్మవారికి గోపురం లేదు, శ్లోకాలు లేవు. ఒక రాయి, వేపకొమ్మ, మట్టి ముంత, ఏటా ఒకసారి దేవర అనే జాతర. మా నాయన తర్వాత బండారు బుట్ట, అంటే అమ్మవారి పసుపు బుట్ట, నా చేతికి వచ్చింది.

జైలుకు నేను మొదట వెళ్లింది ఉత్తరాలతోనే. తొంభైల మొదట్లో పెనుకొండ సబ్‌జైలు గేటు దగ్గర ఉత్తరాలిచ్చి సంతకం తీసుకుంటుంటే, లోపల వరండా ఊడుస్తున్న ఒక ముసలాయన నా నుదుటి మీద పసుపు చూశాడు. ఏ అమ్మ పూజారివప్పా అని అడిగాడు. చెప్పాను. చీపురు పక్కన పెట్టి, అక్కణ్నుంచే చేతులు జోడించాడు. జైలుకు నెలకొకసారి భజన సమాజం వాళ్లు వస్తారని, ఆదివారాలు పాస్టరు గారు వస్తారని, అందరూ మంచివాళ్లేనని అన్నాడు. తర్వాత ఒక మాట చెప్పాడు.

"వాళ్ల దేవుండ్లు పెద్దోళ్లప్పా. మేము జేసిన మొక్కులు వాళ్లకి తెల్దు."

అది మనసులో పడిపోయింది. మన ఊళ్లలో మనిషికీ అమ్మవారికీ మధ్య ఎప్పుడూ ఏదో ఒక బాకీ నడుస్తూనే ఉంటుంది. పొట్టేలు వదులుతానని ఒకరు, వేపమండలతో వేపచీర కట్టుకుంటానని ఒకరు, తలనీలాలు అని ఒకరు. మధ్యలో పోలీసులు పట్టుకొస్తే మొక్కు అక్కడే ఆగిపోతుంది. శిక్ష కంటే వాళ్లను ఎక్కువ భయపెట్టేది ఆ ఆగిపోయిన మొక్కే. ఆ భయం దగ్గర కాసేపు కూర్చోవడమే నా పని. బయటివాళ్లు దీన్ని సేవ అన్నారు. నేనెప్పుడూ ఆ మాట వాడలేదు, ఎందుకంటే సేవ చేసేవాడికి ఇంత భయం ఉండదు.

గేటు దగ్గర

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు: ఏమీ తీసుకెళ్లనివ్వరు. కర్పూరం వద్దు, నిప్పు కాబట్టి. టెంకాయ వద్దు, తలకాయ పగలగొట్టొచ్చు కాబట్టి. నిమ్మకాయ ఒక జైలరు ఒప్పుకుంటాడు, ఇంకొకాయన మంత్రించి తెచ్చావా అని పారేస్తాడు. చివరకు మిగిలేది కాగితం పొట్లంలో పిడికెడు పసుపు. మనం బండారు అనేది అదే. దాన్ని కూడా విప్పి, వాసన చూసి, వేళ్లతో కెలికి ఇస్తారు. కోపం తెచ్చుకోకండి. నేను మొదట్లో కోపం తెచ్చుకుని నెల రోజులు గేటు బయటే ఉండిపోయాను.

దారం సంగతి వేరుగా చెప్పాలి. పెనుకొండలో ఒక రిమాండు ఖైదీ ఏడ్చి బతిమాలితే, పొట్లంలో దాచి పసుపు దారం తీసుకెళ్లి కంకణం కట్టాను. దేవర అయ్యేదాకా విప్పకూడదని చెప్పి మరీ కట్టాను. మరునాడు తనిఖీలో దాన్ని కత్తెరతో కత్తిరించేశారు. వాళ్ల తప్పు లేదు. దారంతో మనుషులు ఏం చేసుకుంటారో వాళ్లు చూసినవాళ్లు. కానీ గడువు తీరకుండా కంకణం తెగిందని ఆ మనిషికి మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది, తిండి మానేశాడు. నేను కట్టకపోతే తెగేది కాదు. జైల్లో నిలబడని దేన్నీ మనిషి ఒంటి మీద పెట్టకండి.

నాకు ఈ పని నేర్పిన జైలు అధికారి ఒక్కడే. ధర్మవరంలో జైలరుగా ఉన్న రహంతుల్లా సారు. నమాజు చేసుకునే మనిషి, మన దేవర గురించి నాకంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేవాడు. మొదటి రోజే కుర్చీ చూపించి కూర్చోబెట్టి ఒక షరతు పెట్టాడు. ఖైదీ చెప్పింది బయటికి పోకూడదు, బయటిది లోపలికి రాకూడదు. ఇంటి క్షేమం అడిగితే మాత్రం చెప్పొచ్చు.

"రెండే మాటలు పూజారప్పా. బాగుండారు, బాగలేరు. మూడో మాట వద్దు," అన్నాడు.

ఇంత తేలికా అనుకున్నాను అప్పుడు. ఆ రెండు మాటల్లోనే నేను తప్పిపోయాను.

బండారు అంటే

తెలిసిన విషయమే అయినా రాస్తాను, మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది. అమ్మవారి బండారు చేతిలో పట్టుకుని అబద్ధం ఆడకూడదు. మన పల్లెల్లో పొలం గెట్టు తగాదా వచ్చినా, గొర్రె పోయినా, కోర్టు దాకా పోకుండా తేలేది ఇలాగే. కుడి అరచేతిలో బండారు పోస్తారు, మాట చెప్పమంటారు. కడుపులో అబద్ధం ఉన్నవాడు చెయ్యి చాపడు. చెయ్యి చాపలేదంటే ఊరు దాన్ని ఒప్పుకోలు కింద లెక్కవేస్తుంది. మళ్లీ ఎవరూ ఏమీ అడగరు.

చెయ్యి చాపకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అంటులో ఉన్నవాడు బండారు తాకడు. ఇంట్లో చావు జరిగితే పదకొండు రోజులు అమ్మవారికి దూరంగా ఉంటాడు. ఇది మన ఇళ్లలో పదేళ్ల పిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు.

ఓబులేసు

రెండు వేల సంవత్సరం దాటాక, ధర్మవరం సబ్‌జైలుకు కనగానపల్లి వైపు నుంచి ఓబులేసు అనే గొర్రెల కాపరిని తెచ్చారు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. పక్క పొలం ఆయన్ను మిట్టమధ్యాహ్నం చెనిక్కాయ చేలో వెనకనుంచి ఎవరో గొడ్డలితో కొట్టారు. ఆయన బతికాడు. కొట్టినవాణ్ని చూడలేదు కానీ, అంతకు వారం ముందు గెట్టు దగ్గర ఓబులేసుతో గొడవైంది కాబట్టి వాడే అన్నాడు. ఓబులేసు ఆ మధ్యాహ్నమంతా బత్తలపల్లి రోడ్డు పక్కన తన మేనమామతో కలిసి గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్నానన్నాడు. ఆ మేనమామ పేరు హనుమంతప్ప. అక్కడ ఆ ఇద్దరే ఉన్నారు, కాబట్టి ఓబులేసు బయటపడాలంటే హనుమంతప్ప బోనెక్కి ఆ మాట చెప్పాలి. మరొక దారి లేదు.

ఓబులేసు తక్కువ మాట్లాడేవాడు. ఆదివారం వరండాలో అందరూ వరసగా కూర్చునేవాళ్లు, నేను అమ్మవారి పాట రెండు చరణాలు పాడేవాణ్ని, ఒక్కొక్కరే లేచి వచ్చి బండారు తీసుకునేవాళ్లు. అతను ఎప్పుడూ చివర వచ్చేవాడు. కుడి అరచేయి చాపి, నుదుట పెట్టుకుని, ఒకే ప్రశ్న అడిగేవాడు. "మాయమ్మ బాగుండాదా?"

అతనికి తల్లి తప్ప ఎవరూ లేరు. తిమ్మక్క అని, సన్నగా ఎండిపోయిన మనిషి. ఒక్కసారి కొడుకును చూడటానికి జైలుకు వచ్చి, కటకటాల వెనక చూసి అక్కడే కూలబడింది. ఇంక రావద్దని అతనే చెప్పాడు. అప్పటినుంచి ప్రతి శనివారం పోస్టాఫీసుకు వచ్చి, నేను ఉత్తరాల బీటు నుంచి తిరిగొచ్చేదాకా మెట్ల మీద కూర్చునేది. కొడుకు ఎలా ఉన్నాడని అడిగేది. పోయేటప్పుడు ఒకటే మాట పంపేది. "నేను బాగుండానని చెప్పప్పా." జ్వరంతో వణుకుతూ వచ్చిన రోజు కూడా అదే మాట. ఆస్పత్రికి పొమ్మన్నాను. ముందు వానికి ఆ మాట చెప్పు అంది. నేను చెప్పాను. అలా ఏడు నెలలు నడిచింది.

బాగుండాది

ఒక గురువారం హనుమంతప్ప నా సైకిలుకు అడ్డం వచ్చి నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది. తిమ్మక్క నిన్న పోయిందని, కొడుకు చెయ్యాల్సింది తానే చేశానని చెప్పాడు. తిమ్మక్క అతనికి చెల్లెలు. నేను సైకిలు దిగి అతని చెయ్యి పట్టుకున్నాను. ఓబులేసుకు ఎవరు చెబుతారని అడిగాను.

"వానికి చెప్పొద్దు పూజారప్పా. తెలిస్తే ఆడ్నే ఏమన్నా చేసుకుంటాడు. కేసు అయిపోనీ, నేనే చెప్తా."

అతని భయం అబద్ధం కాదు. అలాంటివి జరిగాయి. పైగా కర్మలకు పంపమని కోర్టును అడిగితే బేడీలతో ఊళ్లోకి తెస్తారని, అవతలివాళ్లు రెచ్చిపోతారని కూడా అన్నాడు. నేను సరే అన్నాను. ఆలోచించకుండానే సరే అన్నాను.

నేను పోస్ట్‌మన్‌ని. చావు కబురుతో టెలిగ్రాం వస్తే ఒక్క గంట కూడా నా సంచిలో ఉంచుకున్నవాణ్ని కాను. అన్నం ముందునుంచి లేచి పోయిన రోజులున్నాయి. చావు కబురు ఎవరిదో వాళ్ల ఆస్తి, దాన్ని దాచే హక్కు మోసేవాడికి లేదని కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్పేవాణ్ని. ఖాకీ చొక్కా వేసుకున్నప్పుడు తెలిసిన సంగతి, పసుపు పంచె కట్టుకున్నప్పుడు నాకు తోచలేదు.

ఆ ఆదివారం జైలుకు పోయాను. పాట రెండో చరణం మరిచిపోయాను. అందరూ బండారు తీసుకున్నారు. చివర ఓబులేసు వచ్చాడు. నా ఎడమ చేతిలో పొట్లం ఉంది, కుడి చేతి వేళ్ల మధ్య చిటికెడు బండారు ఉంది. అతను ఈసారి చెయ్యి చాపకుండా ముందు ప్రశ్న అడిగాడు.

"మాయమ్మ బాగుండాదా?"

"బాగుండాది," అన్నాను.

అతను నా మొహం చూడలేదు. నా చెయ్యి చూశాడు. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఈ వారం నాకొద్దులే పూజారప్పా," అని పోయి గోడ దగ్గర తన చోట కూర్చున్నాడు.

తల్లి చావు అతనికి తెలియదు అనే మాట నా తలలో మేకు కొట్టినట్టు దిగిపోయి ఉంది. తెలియదు కాబట్టి అంటు సంగతి నాకు తట్టనే లేదు. ఇంక మిగిలింది ఒకటే కారణం. వీడే కొట్టాడు, ఇన్ని నెలలు మోసి ఇంక మోయలేక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు అనుకున్నాను. ఇంటికి పోయేదాకా అదే. ఏడు నెలలు గొడ్డలి పట్టిన చేతిలో అమ్మవారి పసుపు పోశానా అని భయపడ్డాను.

టీ బంకు దగ్గర

మీరు ఎన్ని తప్పులు చేసినా చెయ్యండి, ఇది మాత్రం చెయ్యకండి. సోమవారం బస్టాండు ముందు టీ బంకు దగ్గర హనుమంతప్ప కనిపించాడు. మేనల్లుడు ఎట్లున్నాడని అడిగాడు. బాగున్నాడని చెప్పి సైకిలెక్కితే సరిపోయేది. లోపల భయం ఉన్న మనిషి ఎవరితోనైనా పంచుకోవాలని చూస్తాడు. ఈ వారం బండారు తీసుకోలేదని చెప్పాను. ఎందుకని అతను అడగలేదు. సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. టీ మీద మీగడ కట్టేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

శుక్రవారం అతనే పోస్టాఫీసుకు వచ్చాడు. మరుసటి వారమే కోర్టులో అతని సాక్ష్యం. తాను బోనెక్కనని చెప్పాడు. ఆ మధ్యాహ్నం వాడు నీతోనే ఉన్నాడు కదా అన్నాను.

"ఉండినాడు. నడమ ఒకసారి నీళ్లకి పోయినాడు. ఎంతసేపు పోయినాడో నేను సూడల్య. పోయిన వారం దాకా తొందరగానే వచ్చినాడు అనుకుంటాంటి. ఇప్పుడు తెల్దు."

నా ఒక్క మాట అతని జ్ఞాపకంలోకి దూరి, ఉన్నదాన్ని లేనట్టు చేసేసింది. కోర్టులో అవతలి వకీలు కూడా చేయలేని పని నేను టీ బంకు దగ్గర చేశాను. ఆ మాట ఊళ్లో అందరికీ పాకిందని కూడా చెప్పాడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. వాడు నిజంగానే కొట్టి ఉంటే సరే, కొట్టకపోతే ఏమిటి అనే ఆలోచన సంచి మోస్తున్నా పోలేదు, తలుపులు కొడుతున్నా పోలేదు.

కటిక నేల

ఆదివారం నేను గేటు దగ్గర చెప్పులు విప్పుతుంటే వార్డరు ఒకతను మామూలుగా అన్నాడు, మీ గొర్రెలాయన వారం రోజులుగా ఒంటిపూటే తింటున్నాడు, గడ్డం గీసుకోనంటాడు, జైలు దుప్పటి మడిచి పక్కన పెట్టి కటిక నేల మీద పడుకుంటున్నాడు, ఏమన్నా వ్రతమా అని.

చెప్పులు చేతిలోనే ఉండిపోయాయి. ఒంటిపూట, గడ్డం, నేల పడక. ఎన్ని ఇళ్లలో చూశాను నేను అది. తల్లిని పోగొట్టుకున్న కొడుకు చేసేది అది. అతనికి తెలుసు. నేను బాగుండాది అన్న రోజుకే తెలుసు.

తిన్నగా రహంతుల్లా సారు గదిలోకి పోయి అంతా చెప్పాను. తిమ్మక్క పోయింది, నేను దాచింది, టీ బంకు దగ్గర వాగింది. సారు కేకలేస్తాడనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తల్లి పోయినట్టు తనకు చెప్పి ఉంటే ఆ రోజే కోర్టుకు రాసి, మట్టి వేయడానికి కాకపోయినా పదకొండో రోజుకైనా పంపించే దారి చూసేవాణ్ని కదా అన్నాడు.

"రెండు మాటలు ఇచ్చింటి నీకి. రెండోది ఎందుకిచ్చినా?"

సారు ఓబులేసును ఆ గదిలోకే పిలిపించి, తాను బయటికి పోయి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఓబులేసు నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నేనూ కుర్చీ వదిలి నేల మీద కూర్చున్నాను. పొట్లం విప్పి బండారు నా కుడి అరచేతిలో పోసుకున్నాను. మొన్నటి బుధవారం కాదు, అంతకు ముందు బుధవారం మీ అమ్మ పోయింది, నాకు తెలిసీ నీకు అబద్ధం చెప్పాను అన్నాను. అతను తల ఊపాడు. పక్క ఊరి మనిషి ఒకడు కొత్తగా రిమాండుకు వచ్చి, నేను అబద్ధం చెప్పిన ఆదివారానికి ముందు రోజే చెప్పాడట. అంటులో ఉండి బండారు ఎలా తీసుకుంటాను అన్నాడు. అయితే ఆ రోజే నన్ను ఎందుకు నిలదీయలేదని అడిగాను.

"ఇంగొగసారి అడిగితే ఇంగొగసారి అబద్దం చెప్తావని అడగల్య. చేతిలో బండారు ఉండె గదా. నీకేమన్నా అయితాదేమో అని ఈ వారమంతా బయపడితి పూజారప్పా."

నేను అతను ఏం చేసుకుంటాడో అని భయపడ్డాను, అతనిలో దోషం ఉందని భయపడ్డాను. అతను తల్లి పోయిన దుఃఖంలో కూర్చుని నా కోసం భయపడ్డాడు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

నిన్నటితో పదకొండు రోజులు అయిపోయాయని, నీళ్లు పోసుకున్నానని చెప్పి అతను అరచేయి చాపాడు. ఈసారి నేనే ఇవ్వలేదు. నా చేతిలోది తిరిగి పొట్లంలో పోసి మడిచేశాను. ఆ చేత్తో ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు.

హనుమంతప్ప ముందు

అక్కణ్నుంచి ఇంటికి పోలేదు. కనగానపల్లి బస్సెక్కాను. హనుమంతప్ప ఇంటి అరుగు మీద ఊరివాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లను పంపేసి చెబుదామా అనిపించింది ఒక క్షణం. మాట నలుగురిలోకి పోయింది కాబట్టి నలుగురిలోనే చెప్పాలనుకున్నాను. బండారు అరచేతిలో పోసుకుని, ఓబులేసు తప్పు వల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు, తల్లి అంటు వల్ల తీసుకున్నాడు, ఆ రోజు బండారు పట్టుకుని అబద్ధమాడింది నేను అని చెప్పాను.

ఒక ముసలాయన లేచి తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. హనుమంతప్ప తల వంచుకున్నాడు.

"ఆ అబద్దం చెప్పమన్న్యది నేనే గదప్పా," అన్నాడు చివరకు. "బుధవారం కోర్టుకి వస్తా. నీళ్లకి పోయి బిందె నింపుకోని వచ్చేదానికి ఎంతసేపు పడుతుందో నాకి తెలుసు."

వచ్చాడు. బోనెక్కి చెప్పాడు. అవతలి వకీలు గంటసేపు అడిగినా అదే చెప్పాడు. నేను కోర్టు వరండాలో నిలబడి ఒక్కొక్క ప్రశ్నకూ గోరు కొరుక్కున్నాను. కొన్ని వారాల తర్వాత ఓబులేసును విడిచిపెట్టారు. అతను కొట్టాడా లేదా అని నేను ఎన్నడూ అడగలేదు. మీరూ అడగకండి. కోర్టులో అడిగేవాళ్లు ఉంటారు, మన దగ్గరికి ఆ మనిషి వచ్చేది దానికి కాదు.

బండారు బుట్ట మా తమ్ముడికి ఇచ్చేశాను. పెద్దమనుషులు ఎవరూ అడగలేదు, నేనే ఇచ్చాను. వచ్చే దేవర దాకా తాకనని చెప్పాను. జైలుకు పోవడం మాత్రం మానలేదు. ధర్మవరం, హిందూపురం జైళ్లకు వట్టి చేతులతో పోయి కూర్చునేవాణ్ని. బండారు ఏదప్పా అని అడిగితే జరిగింది చెప్పేవాణ్ని. కొందరు ఎగతాళి చేశారు. మడకశిర నుంచి వచ్చిన ఒకావిడ, తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేది, పూజారే తప్పు చేశానని చెబుతుంటే తనకూ చెప్పుకోవాలనిపిస్తోందని చాలాసేపు మాట్లాడింది. మీరు మొదటి నెల వట్టి చేతులతోనే పోండి అని నేను చెప్పేది అందుకే.

మిట్ట మీద

విడుదలైన రోజు ఓబులేసు ఊరికి పోకుండా నేరుగా పోస్టాఫీసుకు వచ్చాడు. వాళ్లమ్మ కూర్చునే మెట్టు మీదే కూర్చున్నాడు, ఆ సంగతి అతనికి తెలియదు. నేను బీటు ముగించి వచ్చాక, తల్లిని పెట్టిన చోటికి తనతో రమ్మన్నాడు. మామను తీసుకుపోవచ్చు కదా అన్నాను. నువ్వే రా అన్నాడు.

ఇద్దరం బస్సెక్కాం. నన్ను అక్కడ నిలబెట్టి ఏం అడుగుతాడో అని దారంతా అనుకున్నాను. ఊరి వెనక మిట్ట మీద, హనుమంతప్ప చెప్పిన గుర్తులతో తిమ్మక్కను పెట్టిన చోటు చూపించాను. వానకు మట్టి కొంచెం అణిగింది, పైన ముళ్లకంప కప్పి ఉంది. అతను కంప తీసి పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, నా వైపు తిరిగాడు. బండారు ఉందా అన్నాడు. లేదు, దేవర దాకా తాకనని చెప్పాను. అతను వంగి తల్లి మీది మట్టి గుప్పెడు తీసి, నా కుడి అరచేతిలో పోశాడు.

"ఇప్పుడు చెప్పు. మాయమ్మ ఆకరికి ఏమనె?"

నేను చెప్పాను. ప్రతి శనివారం వచ్చి మెట్ల మీద కూర్చున్నది చెప్పాను. జ్వరంతో వచ్చింది చెప్పాను. ఆస్పత్రికి పొమ్మంటే పోలేదని, పోయేటప్పుడు ప్రతిసారీ ఒకే మాట అప్పగించిందని చెప్పాను. నేను బాగుండానని చెప్పప్పా అనేదని చెప్పాను. ఆఖరి శనివారం కూడా అంతే అంది.

అతను నా చేతిలోని మట్టి వైపు చూశాడు.

"అట్లయితే ఆ అబద్దం నీది కాదు పూజారప్పా," అన్నాడు. "మాయమ్మది. నువ్వు మోసుకోని వచ్చినావు, అంతే."

నేను ఒప్పుకోలేదు. నన్ను వదిలిపెట్టడానికి అలా అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను. అతను లేచి కంప మళ్లీ కప్పి, ఊరి వైపు దిగిపోయాడు. నా చేతిలో మట్టి అలాగే ఉంది. దాన్ని ఎక్కడ వదలాలో తెలియలేదు. ధర్మవరం బస్సు వచ్చాక ఎడమ చేత్తోనే కడ్డీ పట్టుకుని ఎక్కాను.